వందలో నలభై ఆరు: నగర ఎన్నికల లెక్కలపై మీ ప్రశ్నలు

కార్పొరేషన్ ఎన్నికల పోలింగ్ శాతాలు, పాత ఫలితాల గురించి అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. ఎక్కువ ఉత్తరాలు హైదరాబాద్ నుంచి వచ్చాయి కాబట్టి గ్రేటర్‌కే ఎక్కువ చోటిచ్చాం. విశాఖ, విజయవాడల మీద వచ్చిన ప్రశ్న చివరికి దగ్గర్లో ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏ కార్పొరేషన్ ఎన్నికలోనూ సగం మంది కూడా ఓటెయ్యలేదంటారు. నిజమేనా? గ్రేటర్ ఏర్పడ్డాక వచ్చిన ఫలితాలు ఒకచోట ఇస్తారా? (ఒక ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి)

గ్రేటర్ ఏర్పడ్డాక జరిగిన ఎన్నికల వరకూ నిజమే. పాత మున్సిపల్ కార్పొరేషన్‌కు చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పాటు చేశారు. ఆ తర్వాత 150 డివిజన్లకు మూడుసార్లు ఎన్నికలు జరిగాయి. మూడింట్లోనూ పోలింగ్ యాభై శాతం దాటలేదు.

2009 నవంబరు 23న పోలింగ్ 42 శాతం. కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43, బీజేపీ 5 గెలిచాయి. మిగిలిన 5 స్థానాలు ప్రజారాజ్యం, ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్), స్వతంత్రులు పంచుకున్నారు. ఆ ఎన్నికలో టీఆర్ఎస్ పోటీలోనే లేదు. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో కాంగ్రెస్, మజ్లిస్ చేతులు కలిపి మేయర్ పదవిని పంచుకున్నాయి. ముందు బండ కార్తీకరెడ్డి, 2012 జనవరి నుంచి మాజిద్ హుస్సేన్ ఆ కుర్చీలో కూర్చున్నారు.

2016 ఫిబ్రవరి 2న జాబితాలో 74,23,980 మంది ఉంటే 33,62,688 మంది ఓటేశారు, అంటే 45.29 శాతం. టీఆర్ఎస్‌కు 99, మజ్లిస్‌కు 44, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 2, తెలుగుదేశానికి 1 వచ్చాయి.

2020 డిసెంబరు 1న 74,12,601 మందికి 34,50,331 మంది ఓటేశారు, అంటే 46.55 శాతం. టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. పోలింగ్ అంకె 149 డివిజన్లదే. పాత మలక్‌పేటలో బ్యాలెట్ పత్రంపై సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. దాంతో అక్కడి 69 పోలింగ్ కేంద్రాల్లో డిసెంబరు 3న మళ్లీ ఓటింగ్ పెట్టారు. ఈ సంగతి తెలియకుండా 2016, 2020 జాబితాలను పోల్చి "నగరంలో ఓటర్లు తగ్గారు" అని రాసినవాళ్లున్నారు. తగ్గుదలగా కనిపిస్తున్నది పదకొండు వేలు. ఒక్కో డివిజన్‌లో సగటున యాభై వేల ఓటర్లుంటారు. వదిలేసిన ఆ ఒక్క డివిజన్‌ను కలిపితే తగ్గుదల మాయమవుతుంది.

ప్రశ్న: అంటే నగరవాసికి స్థానిక ఎన్నికలంటే లెక్కలేదనేగా? (కూకట్‌పల్లి పాఠకురాలు)

అంత తేలిగ్గా తీర్పు చెప్పకండి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో పోలింగ్ 44.84 శాతం. 2024లో 48.48. దేశ ప్రధానిని తేల్చే ఎన్నికకూ మన వీధి దీపాల ఎన్నికకూ ఇక్కడ పెద్ద తేడా లేదు. కాబట్టి కారణాన్ని ఎన్నిక రకంలో కాక నగరంలోనే, మరీ ముఖ్యంగా ఓటర్ల జాబితాలో వెతకాలి.

కార్పొరేషన్ ఎన్నికకు విడిగా జాబితా తయారుచెయ్యరు. అసెంబ్లీ జాబితానే తీసుకుని డివిజన్ల వారీగా విడగొడతారు. ఇల్లు మారినవాళ్లు, ఊళ్లో ఒక ఓటు ఇక్కడ ఒక ఓటు ఉన్నవాళ్లు, చనిపోయినా పేరు తొలగించనివాళ్లు అందులో అలాగే ఉంటారు. అద్దె ఇళ్లు ఎక్కువగా ఉండే కాలనీల్లో ఈ చెత్త ఎక్కువ. ఒక ఊహా లెక్క చూడండి. జాబితాలో 50,000 పేర్లుండి 23,000 ఓట్లు పడితే 46 శాతం. అందులో 8,000 పేర్లు లేని మనుషులవని తేలితే అసలు ఓటర్లు 42,000. అప్పుడు అవే ఓట్లు దాదాపు 55 శాతమవుతాయి. ఓటు వేసినవాళ్లు ఒక్కరు కూడా పెరగలేదు, మారింది కింది అంకె మాత్రమే.

బద్ధకమే లేదని కాదు. 2020లో శని, ఆదివారాలకు కార్తీక పౌర్ణమి సోమవారం, పోలింగ్ సెలవు మంగళవారం కలిసి వరసగా నాలుగు రోజులొచ్చాయి. కోవిడ్ భయం దానికి తోడు. అయినా 2016 కంటే 87,643 ఓట్లు ఎక్కువే పడ్డాయి.

ఇంకో సంగతి. నగరం మొత్తానికి ఒకే శాతం చెబితే అసలు విషయం దాగిపోతుంది. 2020లో కంచన్‌బాగ్‌లో 70.39 శాతం పోలైతే యూసుఫ్‌గూడలో 32.99 దగ్గరే ఆగింది. ఒకే నగరం, ఒకే రోజు. అదే ఏడాది జనవరి 22న తెలంగాణలోని మిగతా పట్టణాలకు ఎన్నికలు జరిగితే చౌటుప్పల్‌లో 93.31 శాతం పోలయింది. హైదరాబాద్‌ను ఆనుకునే ఉన్న నిజాంపేటలో 39.65. చిన్న పట్టణంలో అభ్యర్థి ప్రతి ఇంటికీ తెలిసిన మనిషి, రాని ఓటరును బండెక్కించి తీసుకొస్తారు. నిజాంపేట అపార్ట్‌మెంట్లలో కార్పొరేటర్ పేరు తెలిసినవాళ్లే తక్కువ.

ప్రశ్న: పోలింగ్ పెరిగితే అధికార పక్షానికి దెబ్బ అని టీవీ చర్చల్లో ప్రతిసారీ వింటుంటాం. గ్రేటర్‌లో అది రుజువైందా? (విశ్రాంత ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్)

రుజువు కాలేదు. 2016కీ 2020కీ మధ్య పోలింగ్ పెరిగింది ఒకటింపావు శాతం. అధికార పక్షం సీట్లు 99 నుంచి 56కు పడ్డాయి. 43 డివిజన్లు ఆ ఒకటింపావు శాతంతో చేతులు మారవు. మారింది ఓటు చీలిన తీరు.

2016లో టీఆర్ఎస్‌కు దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. మిగిలినవి తెలుగుదేశం, బీజేపీ, కాంగ్రెస్, మజ్లిస్‌ల మధ్య ముక్కలయ్యాయి. నలుగురైదుగురు గట్టి అభ్యర్థులున్న చోట 44 శాతమంటే ఊడ్చెయ్యడమే. 2020లో తెలుగుదేశం, కాంగ్రెస్ ఓటు చాలావరకు బీజేపీ వైపు చేరింది. టీఆర్ఎస్ 36 శాతానికి కాస్త తక్కువ, బీజేపీ 35.5 శాతం. రెండింటికీ మధ్య తేడా అరశాతం కూడా లేదు. సీట్లలో మాత్రం ఎనిమిది తేడా.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. "బీజేపీ ఓటు 10 నుంచి 35కు ఎగబాకింది" అని రాస్తారు. 2016లో ఆ పార్టీ తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని కొన్ని డివిజన్లలోనే నిలబడింది, 2020లో 149 చోట్ల నిలబడింది. నిలబడని చోట ఓట్లు ఎలా వస్తాయి? పార్టీ శాతాలు పోల్చే ముందు ఎన్ని చోట్ల పోటీ చేసిందో పక్కన రాసుకోండి. ఎదుగుదల నిజమే, అది ఇరవై అయిదు శాతం మాత్రం కాదు.

ఇంకో లెక్క కూడా వేసి చూడండి. 2016లో గెలిచిన పార్టీకి పోలైన ఓట్లలో 44 శాతం, పోలింగ్ 45 శాతం. అంటే జాబితాలోని ప్రతి వందమందిలో ఇరవై మంది 150లో 99 స్థానాలు ఇచ్చారు. 2020లో ఆ ఇరవై పదిహేడయ్యారు.

ప్రశ్న: మజ్లిస్‌కు ప్రతిసారీ 43, 44. ఇదెలా సాధ్యం? (పాఠకుడు, నల్గొండ)

43, 44, 44. 2020లో ఆ పార్టీ 51 చోట్లే పోటీచేసి 44 గెలిచింది. నగరం మొత్తంలో దానికి వచ్చింది 19 శాతానికి కాస్త తక్కువ. కాంగ్రెస్ 146 చోట్ల నిలబడి ఆరున్నర శాతానికి పైన తెచ్చుకుని రెండే గెలిచింది. ఓటు ఒకచోట గుత్తగా ఉంటే సీటవుతుంది, చల్లితే డిపాజిట్ కూడా దక్కదు.

ప్రశ్న: మా డివిజన్‌లో గత రెండు ఎన్నికల్లో ఏం జరిగిందో నేనే లెక్కవేసుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం చూసుకోవాలి? (డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్)

ముందు డివిజన్ హద్దు చూసుకోండి. 2009 డివిజన్‌నూ 2016 డివిజన్‌నూ పేరు ఒకటే కదా అని పోల్చొద్దు. సంఖ్య 150గానే ఉంచినా 2016 ఎన్నికకు ముందు హద్దులు తిరగరాశారు. 2016, 2020 మధ్య మాత్రం హద్దులు మారలేదు. పైగా రెండు దఫాలకూ ఒకే రిజర్వేషన్ ఉండేలా 2020లో చట్టం సవరించారు. కాబట్టి ఆ రెండిటినీ డివిజన్‌కు డివిజన్ నేరుగా పోల్చొచ్చు. అలాంటి అవకాశం నగర ఎన్నికల్లో అరుదు, వదులుకోకండి. ముందు ముందు ఇది ఉండదు. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశాక పాత అంకెలతో పోలిక తెగిపోయింది.

తర్వాత అంకెలు. రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఫలితాలుంటాయి. గుర్తుంచుకోండి, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు చూసే కేంద్ర ఎన్నికల సంఘం వేరు. స్థానిక ఎన్నికల ఫలితాలు అక్కడ వెతికితే దొరకవు. కావలసింది దొరక్కపోతే సమాచార హక్కు కింద రాష్ట్ర ఎన్నికల సంఘం పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది. డివిజన్ నంబరు, పోలింగ్ తేదీ రాసి ఈ అయిదూ విడివిడిగా అడగండి: జాబితాలోని ఓటర్లు, పోలైన ఓట్లు, అభ్యర్థుల వారీ ఓట్లు, నోటా, చెల్లని ఓట్లు.

లెక్క వేసేటప్పుడు పోలింగ్ శాతానికి కింది అంకె జాబితా ఓటర్లు. అభ్యర్థి ఓటు శాతానికి కింది అంకె పోలైన ఓట్లా, చెల్లిన ఓట్లా అన్నది ముందే నిర్ణయించుకుని రెండు ఏడాదులకూ అదే వాడండి. కాగితం బ్యాలెట్ వాడినప్పుడు చెల్లని ఓట్లు ఎక్కువ, యంత్రంలో ఆ బెడద ఉండదు. 2016 యంత్రాలతో, 2020 కాగితంతో జరిగాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి. చెల్లని ఓట్లు మెజారిటీ కంటే ఎక్కువగా ఉన్న డివిజన్ కనిపిస్తే దాని పక్కన చుక్క పెట్టుకోండి.

2020కి బూత్ వారీగా ఎవరికెన్ని పడ్డాయో అడిగి లాభం లేదు. పెట్టెల్లోని పత్రాలను 25 చొప్పున కట్టలు కట్టి, కలిపేసి, టేబుల్‌కు వెయ్యి చొప్పున పంచారు. ఏ కట్ట ఏ బూతుదో తర్వాత తెలియదు. బూత్ వారీ పోలైన మొత్తం మాత్రం రికార్డులో ఉంటుంది, అది అడగండి.

ప్రశ్న: 2020 లెక్కింపు రోజు ఉదయం ఒక పార్టీ దూసుకుపోతోందన్నారు, సాయంత్రానికి ఇంకోలా వచ్చింది. ఏమైనా మతలబు జరిగిందా? (ఆటో డ్రైవర్, సికింద్రాబాద్)

మతలబేం లేదు, వరస అలాంటిది. ముందు తెరిచినవి పోస్టల్ ఓట్లు. అవి ఎన్నికల సిబ్బందివి, ఆ ఏడాది ప్రత్యేకంగా వీలిచ్చిన 80 ఏళ్లు దాటినవాళ్లవి, కోవిడ్ రోగులవి. డివిజన్‌కు పదుల సంఖ్యలో ఉంటాయి. వాటిలో బీజేపీ ముందుంది. తెరపై మాత్రం పది ఓట్ల ఆధిక్యమూ పదివేల ఆధిక్యమూ ఒకే రంగులో కనిపిస్తాయి. తర్వాత హాలుకు 14 టేబుళ్లు, టేబుల్‌కు వెయ్యి, అంటే ఒక రౌండుకు 14,000 పత్రాలు. మొత్తం 12,000 కూడా పోలవని మెహిదీపట్నం ఒక్క రౌండులో తేలిపోయింది. సగటు డివిజన్‌లో పోలైనవి 23,000 కాబట్టి రెండు రౌండ్లు పట్టింది, పెద్దవాటికి మూడు. కాబట్టి ముందు వచ్చిన ఫలితాలు తక్కువ పోలింగ్ జరిగిన చోట్లవి. వాటిని చూసి నగరమంతా ఎటుందో చెప్పడం తప్పు.

నిజంగా గొడవైంది నేరేడ్‌మెట్‌లో. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర ఓటర్ల చేతికిచ్చారు. అలాంటి ఓటును లెక్కలోకి తీసుకోవాలా అన్న వివాదం హైకోర్టుకు వెళ్లింది. ఆధిక్యం 504, వివాదంలో ఉన్న పత్రాలు 544. ఆధిక్యం కంటే అవే ఎక్కువ కావడంతో ఫలితం ఆపేశారు. డిసెంబరు 9న అది తేలాకే టీఆర్ఎస్ సంఖ్య 55 నుంచి 56 అయింది. పాత పత్రికలు తిరగేస్తే కొన్నిట్లో 55, కొన్నిట్లో 56 కనబడేది అందుకే.

ప్రశ్న: విశాఖ, విజయవాడల్లో పోలింగ్ హైదరాబాద్ కంటే ఎక్కువే కదా? ఫలితాలూ చెప్పండి. (గాజువాక పాఠకుడు)

ఎక్కువే. 2021 మార్చి 10న ఆంధ్రప్రదేశ్ కార్పొరేషన్లన్నిటా కలిపి 57.14 శాతం, మున్సిపాలిటీలు, నగర పంచాయతీల్లో 70 దాటింది. అయితే ఈ శాతాలు చదివేటప్పుడు ఏకగ్రీవాలను మరిచిపోకూడదు. పోటీ లేని వార్డులో పోలింగే ఉండదు కాబట్టి అక్కడి ఓటర్లు లెక్కలోకే రారు. పులివెందులలో 33, పిడుగురాళ్లలో 33, పుంగనూరులో 31, మాచర్లలో 31, అన్ని వార్డులూ ఏకగ్రీవమే. చిత్తూరు కార్పొరేషన్‌లో 50కి 37 అలాగే పోయాయి. అక్కడి పోలింగ్ శాతం మిగిలిన 13 డివిజన్లది మాత్రమే, ఊరిది కాదు.

విశాఖలో 98 వార్డులకు వైసీపీ 58, తెలుగుదేశం 30 గెలిచాయి. 2007 తర్వాత అక్కడ జరిగిన ఎన్నిక అదే. పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే తొమ్మిదేళ్లు అధికారులే నడిపారు. విజయవాడలో 2014లో 59 డివిజన్లకు తెలుగుదేశం 38 గెలిచింది. 2021లో డివిజన్లు 64 అయ్యాయి, వైసీపీ 49, తెలుగుదేశం 14, సీపీఎం 1. ఏలూరులో ఓట్లు మార్చిలోనే పడ్డా కోర్టు కేసు వల్ల జులై 25 దాకా పెట్టెలు తెరవలేదు. తెరిస్తే 50కి 47 వైసీపీవి.

ఫలితం వచ్చిందంటే అయిదేళ్లూ అదే అనుకోవద్దు. విశాఖలో 2025 ఏప్రిల్‌లో మేయర్‌పై అవిశ్వాసం పెట్టారు. ఎక్స్అఫీషియో సభ్యులతో (పదవి రీత్యా ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలతో) కలిపి సభ్యులు 111, కావలసింది మూడింట రెండొంతులు, అంటే 74. సరిగ్గా 74 ఓట్లు పడ్డాయి. కార్పొరేటర్లు పార్టీలు మారారు, ఓటరు మళ్లీ బూతుకు వెళ్లకుండానే నగరం చేతులు మారింది.

ప్రశ్న: మేయర్‌ను మనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి హైదరాబాద్‌లో ఎప్పుడైనా ఉందా? (రాంనగర్ పాఠకుడు)

ఉంది. 2002లో తీగల కృష్ణారెడ్డిని ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. అప్పటికి 1991 నుంచి నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2009 నుంచి కార్పొరేటర్లు, ఎక్స్అఫీషియో సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటున్నారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీల ఓటు కూడా ఉంటుంది కాబట్టి డివిజన్ల లెక్క చూసి మేయర్ ఎవరో చెప్పలేం. 2021 ఫిబ్రవరి 11న 56 మంది కార్పొరేటర్లున్న పార్టీ మేయర్ పదవి దక్కించుకుంది అలాగే, మజ్లిస్ మద్దతు కూడా తోడై.

ప్రశ్న: గుర్తింపు కార్డు ఉన్నా పోయినసారి నా పేరు జాబితాలో లేదన్నారు. ఈసారి ఏం చెయ్యాలి? (గృహిణి, ఎల్బీనగర్)

కార్డు ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి. ఇల్లు మారితే ఫారం 8, కొత్తగా పేరు చేర్చాలంటే ఫారం 6 మీ అసెంబ్లీ నియోజకవర్గం ఓటరు నమోదు అధికారికి ఇవ్వాలి. కార్పొరేషన్ ఆఫీసులో విడిగా ఇవ్వాల్సిందేమీ లేదు. ఎన్నిక ప్రకటించాక కంగారుపడితే పని జరగదు. 2020లో నవంబరు 17న నోటిఫికేషన్, డిసెంబరు 1న పోలింగ్, మధ్యలో రెండు వారాలే. డివిజన్ల వారీ ముసాయిదా జాబితా పెట్టినప్పుడు ఇంట్లో అందరి పేర్లూ చూసుకోండి. అసెంబ్లీ జాబితాను డివిజన్లుగా కోసేటప్పుడు హద్దు వీధుల్లో భర్త ఒక డివిజన్‌లో, భార్య పక్క డివిజన్‌లో పడటం మామూలే. పోలింగ్ రోజు "మీ పేరు లేదు" అనిపించుకున్న వాళ్లలో చాలామంది పేరు పక్క డివిజన్ బూతులో ఉంటుంది. పేరుతో కాకుండా కార్డు నంబరుతో వెతికిస్తే ఆ బూత్ ఏదో అక్కడికక్కడే తెలుస్తుంది.